ప్రశ్నను మార్చే వ్యాపారం: పీఆర్, సోషల్ మీడియా మార్కెటింగ్ గురించి మనం తెలుసుకోవలసినవి

1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేద్కర్ 'మూక్ నాయక్' పత్రిక మొదలుపెట్టారు. ఫలానా పత్రిక వస్తోందని ఒక చిన్న ప్రకటన వెయ్యమని తిలక్ స్థాపించిన 'కేసరి' పత్రికను అడిగారు. ఊరికే వెయ్యమనలేదు, డబ్బు ఇస్తామన్నారు. అయినా కేసరి వెయ్యలేదు. స్వరాజ్యం నా జన్మహక్కు అన్న తిలక్ అప్పటికి బతికే ఉన్నాడు. అంటే అంటరానివాడు ఇచ్చే డబ్బు కూడా అంటరానిదే అయిందన్నమాట!

ఇప్పుడు ఏప్రిల్ 14 వస్తే ఏం జరుగుతోందో మనందరం చూస్తున్నాం. బ్యాంకులు, సిమెంటు కంపెనీలు, ఇళ్ల స్థలాలు అమ్మేవాళ్లు, కార్పొరేట్ కాలేజీలు పొద్దున్నే ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అంబేద్కర్ బొమ్మ పెడుతున్నారు. కింద కంపెనీ గుర్తు ఉంటుంది. నూరేళ్లలో ఇంత మార్పు వచ్చింది. ఇది మన పోరాటాల వల్ల వచ్చిన మార్పే, కాదనక్కర్లేదు. మనల్ని లెక్కలోకి తీసుకోక తప్పని పరిస్థితి తెచ్చాం. కానీ మనల్ని మనుషులుగా లెక్కించారా, కొనుగోలుదారులుగా లెక్కించారా? ఆ బొమ్మ పెట్టిన కంపెనీ ఏప్రిల్ 15న మన గురించి ఏం మాట్లాడుతోంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే బొమ్మ వెనక నడిచే వ్యాపారం గురించి తెలుసుకోవాలి. ఆ వ్యాపారం పేరు పబ్లిక్ రిలేషన్స్, పొట్టిగా పీఆర్. దాని కొత్త రూపం సోషల్ మీడియా మార్కెటింగ్.

పీఆర్ అంటే ఏమిటి?

పీఆర్ అంటే పైరవీ అనో, పేపర్లో ఫోటో వేయించుకోవటం అనో మనలో చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. ప్రకటనకీ పీఆర్‌కీ తేడా తెలిస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక సబ్బుల కంపెనీ పేపర్లో అరపేజీ కొని "మా సబ్బు మంచిది" అని వేస్తే అది ప్రకటన. డబ్బిచ్చి రాయించుకున్నారని చదివేవాడికి తెలుసు. కాబట్టి నమ్మినా సగమే నమ్ముతాడు. అదే మాట ఒక డాక్టరు నోటివెంట, ఒక విలేకరి కలంలోంచి, ఒక ప్రొఫెసర్ ఉపన్యాసంలో వస్తే నమ్మకం పెరుగుతుంది. డబ్బు పెట్టినవాడి మాటను డబ్బుతో సంబంధం లేనట్టు కనబడే గొంతు ద్వారా చెప్పించటమే పీఆర్‌లో ప్రధానమైన పని. పేరుకు మచ్చ వచ్చినప్పుడు దాన్ని తుడిచే పని కూడా ఇందులో భాగమే.

పీఆర్ అంతా అబద్ధమే అనటం లేదు. టీకాలు వేయించుకోండి అని ప్రభుత్వం చేసే ప్రచారంలోనూ ఈ పద్ధతులే వాడతారు. మన సంఘాలు ధర్నాకు ముందు పత్రికలకు పంపే ప్రకటన కూడా ఒక రకంగా పీఆరే. మనం చూడవలసింది డబ్బు ఎవరిది, అది బయటికి చెబుతున్నారా లేదా, ఏ ప్రశ్నను ముందుకు తెస్తున్నారు, ఏ ప్రశ్నను వెనక్కి నెడుతున్నారు అనేది.

శవాల మీద పుట్టిన వృత్తి

ఈ వృత్తి ఎక్కడ పుట్టిందో కొంచెం చూద్దాం. 1914 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లడ్లో అనేచోట సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద సైనిక దళాలు, కంపెనీ మనుషులు కాల్పులు జరిపి నిప్పంటించారు. ఇరవై మంది దాకా చచ్చిపోయారు. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో తలదాచుకున్న ఇద్దరు ఆడవాళ్లు, పదకొండు మంది పిల్లలు పొగకు ఊపిరాడక చనిపోయారు. గనుల కంపెనీలో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్ కుటుంబానిది. దేశమంతా వాళ్లను తిట్టిపోసింది. అప్పుడు రాక్‌ఫెల్లర్ వారసుడు ఐవీ లీ అనే ఆయన్ని పనికి పెట్టుకున్నాడు. పీఆర్ వృత్తికి మూలపురుషుల్లో ఒకడుగా చెప్పుకునే మనిషి ఈయన.

లీ ఏం చేశాడు? కొలరాడో సమ్మె గురించిన "నిజాలు" అంటూ వరసగా కరపత్రాలు అచ్చువేసి సంపాదకులకు, మత పెద్దలకు, రాజకీయ నాయకులకు, అంటే నలుగురూ ఎవరి మాట వింటారో వాళ్లకు పంపాడు. యూనియన్ నాయకులకు లేని జీతాలు అంటగట్టాడు. తర్వాత ప్రభుత్వ కమిషన్ నిలదీస్తే, కంపెనీవాళ్లు ఇచ్చిన వివరాలను తాను సరిచూడలేదని ఒప్పుకున్నాడు. కానీ ఈలోగా "పిల్లల్ని ఎవరు చంపారు?" అనే ప్రశ్న "యూనియన్ నాయకులు ఎట్లాంటివాళ్లు?" అనే ప్రశ్నగా మారింది.

ఇంకొకాయన ఎడ్వర్డ్ బెర్నేస్. 1929లో ఒక సిగరెట్ కంపెనీ కోసం పనిచేస్తూ, న్యూయార్క్‌లో ఈస్టర్ పండగ ఊరేగింపులో కొందరు యువతులు బహిరంగంగా సిగరెట్లు కాల్చేట్టు ఏర్పాటు చేశాడు. వాటికి స్వేచ్ఛా కాగడాలు అని పేరు పెట్టాడు. పత్రికలు దాన్ని స్త్రీ స్వేచ్ఛకు సంబంధించిన వార్తగా రాశాయి. వెనక కంపెనీ డబ్బు ఉందని చదివేవాళ్లకు తెలియదు. ఒక విముక్తి ఉద్యమం మాటల్ని అరువు తెచ్చుకుని సరుకు అమ్మటం అప్పుడే మొదలైంది. ఈ రెండు పద్ధతులు, అంటే ప్రశ్నను మార్చటం, ఉద్యమం భాషను అరువు తీసుకోవటం, ఈనాటికీ నడుస్తున్నాయి. మారినవి సాధనాలే.

హాథ్రస్ పాఠం

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2020 సెప్టెంబరు 14న ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్ జిల్లాలో 19 ఏళ్ల వాల్మీకి కులపు యువతి మీద దాడి జరిగింది. ఠాకూర్ కులానికి చెందిన నలుగురు తన మీద అత్యాచారం చేశారని ఆమె వాంగ్మూలం ఇచ్చింది. సెప్టెంబరు 29న ఢిల్లీ ఆసుపత్రిలో చనిపోయింది. ఆ రాత్రి పోలీసులు, తమ అనుమతి లేదని కుటుంబం మొత్తుకుంటున్నా, శవాన్ని పొలంలో తగలబెట్టారు. దేశమంతా అట్టుడికింది.

అక్టోబరు మొదట్లో విదేశీ పత్రికల విలేకరులకు ఒక ఈమెయిల్ వెళ్లింది. ఫోరెన్సిక్ నివేదిక ప్రకారం ఆ అమ్మాయి మీద అత్యాచారం జరగలేదు అన్నది దాని సారాంశం. పంపింది ముంబైకి చెందిన ఒక పీఆర్ కంపెనీ. ఆ రాష్ట్ర ప్రభుత్వం తరఫున పంపింది. నమూనాలు సేకరించింది దాడి జరిగిన 11 రోజుల తర్వాత. అంత ఆలస్యమయ్యాక వీర్యకణాలు దొరక్కపోతే దాన్నిబట్టి ఏమీ తేల్చలేమని డాక్టర్లే చెప్పారు. చట్టం ప్రకారం అత్యాచారం నిరూపించటానికి వీర్యం కనబడి తీరాలనేమీ లేదు. అయినా ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. నిజం తెలుసుకుందామని హాథ్రస్‌కు బయల్దేరిన కేరళ విలేకరి సిద్దిక్ కప్పన్‌ను దారిలోనే అరెస్టు చేశారు. ఆయన రెండేళ్లకు పైగా జైల్లో ఉండి 2023 ఫిబ్రవరిలో బయటికొచ్చాడు.

2020 డిసెంబరులో సీబీఐ నలుగురి మీదా సామూహిక అత్యాచారం, హత్య, ఎస్సీ ఎస్టీ చట్టం కింద ఛార్జిషీటు వేసింది. 2023 మార్చిలో హాథ్రస్ ప్రత్యేక కోర్టు ముగ్గుర్ని విడిచిపెట్టింది. ఒకణ్ణి హత్యకు రాని నరహత్య కింద, ఎస్సీ ఎస్టీ చట్టం కింద దోషిగా తేల్చి యావజ్జీవం వేసింది. అత్యాచారం నేరం ఎవరి మీదా నిలబడలేదు. తీర్పు మీద ఎవరి అభిప్రాయం ఎట్లా ఉన్నా, ఒక సంగతి ఆలోచించాలి. విచారణ సరిగ్గా మొదలుకాకముందే, ప్రజల డబ్బుతో నడిచే ప్రభుత్వం, చచ్చిపోయిన దళిత యువతి ఆఖరి మాట నమ్మదగింది కాదని ప్రపంచానికి చెప్పటానికి ఒక కంపెనీని వాడుకుంది. "ఎవరు చంపారు?" అనే ప్రశ్న "అత్యాచారం జరిగిందా లేదా?" అనే ప్రశ్నగా మారిపోయింది. లడ్లోలో కరపత్రాలు చేసిన పని ఇక్కడ ఈమెయిల్ చేసింది.

ప్రశ్న మార్చటానికి ప్రతిసారీ పీఆర్ కంపెనీయే అక్కర్లేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. అయిదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి ఎందుకు వెలివేశారు అన్నది మన ప్రశ్న. కొద్దిరోజుల్లోనే అది "రోహిత్ ఎస్సీయా కాదా?" అనే ప్రశ్నగా మారింది. 2024 మే నెలలో బయటపడిన పోలీసుల ముగింపు నివేదికలో కూడా అదే వాదన ఉంది. నిరసనలు వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామని తెలంగాణ పోలీసులు అన్నారు. ఇది ఫలానా పీఆర్ కంపెనీ పని అని నేను అనటం లేదు. పద్ధతి మాత్రం అదే.

కొత్తగా వచ్చినవి ఏమిటి?

వెనకటి పీఆర్‌కి విలేకరి కావాలి, సంపాదకుడు కావాలి. ఇప్పుడు ఫోను ఉంటే చాలు. గత పది పదిహేనేళ్లలో వచ్చిన మార్పుల్లో మూడింటిని మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, ఇన్‌ఫ్లుయెన్సర్లు. సినిమా హీరోకి కోట్లు ఇచ్చే బదులు, యాభైవేలో లక్షో మంది చూసే కుర్రాడికి కొంత ఇచ్చి మాట చెప్పిస్తారు. అతను మన యాసలో, మన ఊరివాడిలా మాట్లాడతాడు కాబట్టి నమ్ముతాం. ఆన్‌లైన్ అప్పుల యాప్‌లూ, బెట్టింగ్ యాప్‌లూ మన పిల్లల దాకా వచ్చింది చాలావరకు ఈ దారినే. దీనికి నియమాలు లేకపోలేదు. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చాయి. డబ్బు గానీ, వస్తువు గానీ, ఉచిత ప్రయాణం గానీ తీసుకుని ఒక సరుకును పొగిడితే, ఇది ప్రకటన అని చూసేవాడికి తెలిసేట్టు స్పష్టంగా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చు. అట్లాంటి ప్రకటనలు చేసేవాళ్లను ఒక ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఆ పనికి దూరం పెట్టవచ్చు. అయితే ఇవి సరుకులకూ సేవలకూ సంబంధించిన నియమాలు. ఒక నాయకుణ్ణి పొగిడే వీడియోకో, ఒక కులాన్ని తిట్టే వీడియోకో డబ్బు ఎవరిచ్చారో వీటితో తెలియదు.

రెండోది, గురిచూసి పంపటం. పేపర్లో ప్రకటన అందరికీ ఒకటే. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఎవరికి కనబడాలో, ఎవరికి కనబడకూడదో ఎంచుకోవచ్చు. ఇళ్ల ప్రకటనలు నల్లవాళ్లకు కనబడకుండా చెయ్యవచ్చని 2016లో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ స్వయంగా ప్రకటన ఇచ్చి రుజువు చేసింది. పౌరహక్కుల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2019 మార్చిలో ఒప్పందం కుదిరింది. ఇల్లు, ఉద్యోగం, అప్పు ఈ మూడింటి ప్రకటనల్లో వయసు, లింగం, పిన్‌కోడ్ చూసి మనుషుల్ని ఏరటం మానేస్తామని ఫేస్‌బుక్ ఒప్పుకుంది. ఇప్పుడు మన దేశం సంగతి ఆలోచించండి. ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాడు ఇంటిపేరు అడుగుతాడు, మాంసం తింటారా అని అడుగుతాడు. కులం అని గడి పెట్టక్కర్లేదు. ఇంటిపేరు, ఉండే బస్తీ, చదివిన కాలేజీ, చూసే పెళ్లిసంబంధాల పేజీ కలిపి చూస్తే కులం దానంతటదే తెలుస్తుంది. అమెరికా నల్లవాళ్లు కోర్టులో అడిగిన ప్రశ్నను మనం ఇక్కడ గట్టిగా అడగాల్సి ఉంది.

మూడోది, మంచిమాటలతో మార్కెటింగ్. పర్యావరణం, స్త్రీ సమానత్వం, వైవిధ్యం ఇట్లాంటి మాటలు చెప్పి సరుకు పేరు పెంచుకోవటం. బెర్నేస్ కాగడాల కొత్త రూపం ఇది. తెలుపే అందమని 1975 నుంచి అమ్ముకుంటూ వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, అమెరికాలో నల్లవాళ్ల ఉద్యమం ఉధృతమయ్యాక 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, ట్యూబు అదే దుకాణంలో ఉంది.

కచరా ఒక కుర్చీ!

ఈ మూడో రకం మన దాకా వస్తే ఎట్లా ఉంటుందో జొమాటో చూపించింది. 2001లో వచ్చిన 'లగాన్' సినిమాలో కచరా అనే అంటరాని పాత్ర ఉంది. కచరా అంటే చెత్త. 2023 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాడు, జొమాటో ఒక వీడియో విడుదల చేసింది. ఆ పాత్ర వేసిన నటుడినే తీసుకొచ్చి, బల్లగా, దీపంగా, నీళ్లు పోసే డబ్బాగా కూచోబెట్టారు. ఇంత చెత్త నుంచి ఈ వస్తువు తయారైంది అని పక్కన లెక్క వేశారు. ప్లాస్టిక్‌ను తిరిగి వాడటం గురించిన హాస్యమట! దళితుణ్ణి మనిషిగా గాక వస్తువుగా చూపించారని సినిమా దర్శకుడు నీరజ్ ఘైవాన్ సహా చాలామంది మండిపడ్డారు. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసు ఇచ్చింది. కంపెనీ వీడియో వెనక్కి తీసుకుంది. ప్లాస్టిక్ వ్యర్థాల గురించి సరదాగా అవగాహన కల్పించాలన్నదే తమ ఉద్దేశమని, ఎవరి మనసైనా తెలియక నొప్పించి ఉండవచ్చని అంది.

ఏడాది తిరక్కుండానే, 2024 మార్చి 19న, అదే కంపెనీ శుద్ధ శాకాహారం తినేవాళ్ల కోసం వేరే డెలివరీ దళాన్ని ప్రకటించింది. వాళ్లకు ఆకుపచ్చ చొక్కా. మాంసం మోసినవాడి పెట్టె మీ ఇంటికి రాదన్న భరోసా ఇది. మడి, మైల అనే పాత మాటలు కంపెనీ భాషలో సర్వీసు అయ్యాయి. విమర్శలు రావటంతో మర్నాడే ఆకుపచ్చ చొక్కా తీసేశారు. ఎర్రచొక్కా వేసుకున్నవాణ్ణి కొన్ని రోజుల్లో అపార్ట్‌మెంట్లలోకి రానివ్వకపోవచ్చని, వాళ్ల భద్రతకే ప్రమాదమని కంపెనీ అధిపతే చెప్పుకొచ్చాడు. ఆ ఆలోచన ప్రకటించక ముందే రావాలి గదా! బండి మీద ఎండలో తిరిగే కుర్రాళ్లను ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, రెండుసార్లూ కంపెనీ వెనక్కి తగ్గింది. మన గొంతుకు బలం ఉంది. రెండు, క్షమాపణ కూడా పీఆర్‌లో భాగమే. క్షమాపణ చెప్పాక ఆ కంపెనీలో ప్రకటనలు ఖరారుచేసే గదిలోకి మనవాళ్లు ఎవరైనా వచ్చారా అన్నది ఎవరూ అడగలేదు.

గదిలో ఎవరున్నారు?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1996 నవంబరులో బి.ఎన్. ఉనియాల్ అనే విలేకరి ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి, ఒక్కరూ దొరకలేదని 'పయొనీర్' పత్రికలో రాశాడు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కవేశారు. ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 121 పెద్ద పదవులను పరిశీలిస్తే 106 అగ్రవర్ణాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు.

పీఆర్ కంపెనీ పంపే నోటు మొదట చేరేది ఈ గదులకే. "నమూనాలు ఏ రోజు తీశారు?" అని అడిగేవాడు ఆ బల్ల దగ్గర లేకపోతే నోటే వార్త అవుతుంది. పీఆర్‌కి బలం దాని తెలివి వల్లనే రాలేదు, ఈ ఖాళీ వల్ల కూడా వచ్చింది.

మన గొంతు, వాళ్ల స్థలం

ఈ ఖాళీని పూరించటానికి మనవాళ్లు సోషల్ మీడియాను బాగానే వాడుకున్నారు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపినప్పుడు, ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరమే వాళ్ల పత్రిక, వాళ్ల రేడియో. వచ్చినవాళ్లందరికీ బాధితులే నోటితో చెప్పారు. అక్కడినుంచే దళిత మహాసభ పుట్టింది. పాతికేళ్ల తర్వాత హైదరాబాద్ విద్యార్థుల మధ్య నుంచి వచ్చిన 'దళిత్ కెమెరా' యూట్యూబ్‌లో అదే పని చేసింది. రోహిత్ ఆఖరి ఉత్తరం ఏ సంపాదకుడి అనుమతీ లేకుండా ఫోన్ల ద్వారా దేశమంతా చేరింది.

కానీ ఇల్లు మనది కాదు, అద్దెది. ఇంటాయన ఎప్పుడు పొమ్మంటాడో తెలియదు. టిక్‌టాక్‌లో వాడల నుంచి, తండాల నుంచి ఎందరో పాడారు, ఆడారు. 2020 జూన్ 29న కేంద్రం దాన్ని నిషేధించింది. రాత్రికి రాత్రి వాళ్ల ప్రేక్షకులు పోయారు. పదిరోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. కంపెనీలకు సందు దొరికింది, మన కళాకారులు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2018 నవంబరులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ మన దేశానికి వచ్చినప్పుడు దళిత కార్యకర్త సంఘపాలి అరుణ ఇచ్చిన పోస్టరు పట్టుకుని ఫోటో దిగాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూలదోయమని ఆ పోస్టరు మీద ఉంది. అగ్రవర్ణాలు గగ్గోలు పెట్టటంతో ట్విట్టర్ ఆ మాట తమది కాదని తప్పించుకుంది. కంపెనీ న్యాయవిభాగం అధిపతి క్షమాపణ చెప్పారు. ఏడాది తర్వాత దిలీప్ మండల్ ఖాతాను ఆపేస్తే, నీలిగుర్తులన్నీ రద్దుచెయ్యమని బహుజనులు అక్కడే ఉద్యమం నడిపారు.

ఇంకో చిక్కు ఉంది. ఈ స్థలాలకు డబ్బు వచ్చేది మనం ఎంతసేపు చూశాం, ఎన్నిసార్లు పంచుకున్నాం అనేదాన్నిబట్టి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగింది. హత్య దృశ్యం ఫోన్లలో తిరిగింది. ఖండించే పోస్టులూ వచ్చాయి, చంపించిన తండ్రిని సమర్థించే పోస్టులూ వచ్చాయి. కంపెనీ లెక్కలో రెండూ ఒకటే, రెండూ చూపులే. మన కోపం కూడా ఎవరికో ఆదాయం అవుతోంది.

మనం ఏం చెయ్యాలి?

వాడొద్దని చెప్పటం తెలివితక్కువ. తెలిసి వాడాలి. కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు చెయ్యగల పనులు కొన్ని చెబుతాను.

ఒక వాడలో దాడి జరిగిందనుకుందాం. మొదటి రెండు రోజులే కీలకం. ఎవరి మాట ముందు రాతలోకి వస్తే చర్చ దాని చుట్టూ తిరుగుతుంది. కాబట్టి ఇద్దరు కూచుని ఒక్క పేజీ రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎఫ్ఐఆర్ నంబరెంత, ఏయే సెక్షన్లు పెట్టారు, ఏవి పెట్టలేదు. తెలియనిది రాయకూడదు. ఒక్క అబద్ధం దొరికినా మిగతా నిజమంతా కొట్టుకుపోతుంది. అవతలివాళ్లు ప్రశ్న మారిస్తే, జవాబు ఒక్కసారి చెప్పి మళ్లీ మన ప్రశ్నకే రావాలి. వాళ్ల ప్రశ్న చుట్టూ నెలల తరబడి తిరగకూడదు.

అత్యాచార బాధితురాలి పేరు, ఫోటో, ఊరి గుర్తులు పెట్టొద్దు. మంచి ఉద్దేశంతో పెట్టినా నేరమే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఆ అమ్మాయి బతుకు మన పోస్టు కంటే పెద్దది.

కులం పేరుతో తిట్టే వీడియో కనబడితే పదిమందికి పంపేముందు భద్రం చెయ్యాలి. లింకు, తేదీ, సమయం రాసుకుని స్క్రీన్‌షాట్ తియ్యాలి. మనం తీసిన వీడియో అయితే అసలు ఫైలు ఉంచుకోవాలి, వాట్సాప్‌లో తిరిగిన కాపీ పనికిరాకపోవచ్చు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. ఎస్సీ ఎస్టీ చట్టాన్ని 2015లో సవరించాక, మాటలతోగానీ బొమ్మలతోగానీ ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొట్టటం 3(1)(యు) కింద నేరం. 2022 జులైలో కేరళ హైకోర్టు ఒక యూట్యూబ్ వీడియో కేసులో, ఇంటర్నెట్‌లో చేసిన అవమానం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. అయితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో యూట్యూబ్ కేసులో, బాధితుడు ఎస్సీ అయితే చాలదు, ఆ కులంవాడు కాబట్టే అవమానించాడని కనబడాలి అంది. అందుకే పూర్తి వీడియో, ముందూ వెనకా మాటలతో సహా, దాచటం అవసరం.

ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో వచ్చే రాజకీయ ప్రకటనలకు డబ్బు ఎవరు పెట్టారో యాడ్ లైబ్రరీ అనేచోట చూడవచ్చు. 2019 నుంచి మన దేశంలో ఇది అందుబాటులో ఉంది. ఎవరైనా చూడవచ్చు, ఖర్చు లేదు. ప్రతి కాలేజీలో ఇద్దరు విద్యార్థులు దీన్ని నేర్చుకుంటే చాలు.

టీచర్లకు ఒక మాట. ఒక రోజు జిల్లా ఎడిషన్ తీసుకుని, ఏ వార్త విలేకరి తిరిగి రాశాడు, ఏది ఎవరో పంపిన నోటు అని పిల్లలతో గీతలు గీయించండి. తర్వాత ఫోనులో ఒక గంట చూసిన వీడియోలను అట్లాగే విడదీయమనండి. పాఠం పుస్తకంలో దొరకనిది ఆ గంటలో వస్తుంది.

మనవాళ్లలోనూ లక్షలమంది చూసే ఇన్‌ఫ్లుయెన్సర్లు తయారవుతున్నారు. సంతోషమే. డబ్బు తీసుకోవద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు, వాళ్లకూ ఇల్లు గడవాలి. తీసుకున్న సంగతి బయటికి చెప్పమని అడిగే హక్కు మాత్రం మనకుంది. పొద్దున అంబేద్కర్ మాట, సాయంత్రం అప్పుల యాప్ మాట ఒకే గొంతుతో చెబితే, నష్టపోయేది ఆ గొంతును నమ్మిన వాడే.

చివరగా, కేసరి ప్రకటన వెయ్యనందుకు అంబేద్కర్ ఆగలేదు. మూక్ నాయక్ డబ్బుల్లేక మూతపడినా 1927లో 'బహిష్కృత్ భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్' తెచ్చారు. ప్రతిసారీ డబ్బు ఇబ్బందే, అయినా పత్రిక తమదై ఉండాలన్న పట్టు వదల్లేదు. ఫేస్‌బుక్ పేజీ ఉండనివ్వండి, యూట్యూబ్ ఛానెల్ ఉండనివ్వండి. దాంతోపాటు అచ్చులో ఒక పత్రిక, వాడలో ఒక నోటుపుస్తకం, మన దగ్గరే ఒక కాపీ ఉండాలి. రేపు ఎవరైనా వచ్చి ప్రశ్న మార్చినప్పుడు, అసలు ప్రశ్న ఏమిటో మన చేతిరాతలో ఉండాలి.